గుట్టు దాచిన పన్నెండుమంది

(మా ఆదివారం తెలుగు రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)



ఈ వారం మీకు ఇటలీలో ఒక ఊరి కథ చెబుతాను. తెలుగు కార్యక్రమంలో ఇటలీ ఏమిటి, అందులోనూ కేథలిక్కుల దానధర్మాల చరిత్ర ఏమిటి అని మీకు అనిపించవచ్చు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసి, కన్సల్టింగు పేరుతో ఊళ్లు తిరిగే మనిషిని. ఈ విషయం జోలికి వెళ్లడానికి కారణం నేను చేసిన ఒక తప్పు. ముందు అది చెబుతాను.

2023 మొదట్లో మన చుట్టుపక్కల ఉద్యోగాలు ఎలా పోయాయో మీకు గుర్తుండే ఉంటుంది. మాకు తెలిసిన ఒక కుర్రాడికి ఉద్యోగం పోయింది. హెచ్ వన్ బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోయిన రోజునుంచి ఎక్కువలో ఎక్కువ అరవై రోజుల గడువు. భార్యకి ఎనిమిదో నెల. ఏదో ఒకటి చేద్దామని మేం నలుగురైదుగురం అనుకున్నాం. స్ప్రెడ్‌షీట్లు వెయ్యడం నా వృత్తి కాబట్టి ఆ పని నా మీద పడింది. పేరు, కారణం, కావలసిన మొత్తం, ఇచ్చినవారు, ఎంత ఇచ్చారు అని అయిదు నిలువు గడులు గీశాను. ఎవరో దానికి ఆ దంపతుల సీమంతం ఫోటో జతచేసి వాట్సాప్‌లో పెట్టారు. ఒక్క పూటలో నాలుగు గ్రూపులు దాటింది. మర్నాటికి డబ్బు బాగానే పోగయింది.

ఆ కుర్రాడు డబ్బు పుచ్చుకోలేదు. రెండు వారాల్లో ఇల్లు ఖాళీ చేసి వేరే రాష్ట్రంలో బంధువుల దగ్గరికి వెళ్లిపోయాడు. కొన్ని నెలల తర్వాత నేను ఫోన్ చేసి క్షమించమన్నాను. "మీరు మంచికే చేశారన్నా. కాకపోతే, ఉద్యోగం పోయిన సంగతి నేను మా అమ్మకి ఇంకా చెప్పలేదు. నాకంటే ముందు మీ మెసేజీ చెప్పింది" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఏడాదో ఏడాదిన్నరకో ఆఫీసు పనిమీద మిలాను నగరంలో మూడు వారాలు ఉన్నాను. ఒక ఆదివారం రైలెక్కి ఫ్లారెన్సు వెళ్లాను. రెండు గంటల ప్రయాణం. అందరూ చూసే గోపురం, మ్యూజియం చూసి, మహాకవి డాంటే ఇల్లని చూపించే చోటికి వెళ్లే సందులో నడుస్తుంటే ఒక చిన్న ప్రార్థనామందిరం కనిపించింది. బయట గోడకి మన పోస్టు డబ్బాకి ఉన్నట్టు రాతిలో సన్నటి చీలిక ఉంది. సిగ్గుపడే పేదల కోసం భిక్ష ఇందులో వెయ్యండి అని దాని మీద చెక్కి ఉందని నా ఫోన్ అనువదించి చెప్పింది. సిగ్గుపడే పేదలు అన్న మాట దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. తిరిగి వచ్చాక నాకు దొరికినవన్నీ చదివాను. ఇక కథలోకి వస్తాను.

పదిహేనో శతాబ్దపు ఫ్లారెన్సు అంటే బ్యాంకులు, ఉన్ని, పట్టు. మన సినిమాల్లో చూపించే పాలరాతి బొమ్మలు తర్వాతి సంగతి. 1427లో పన్నుల కోసం ఇంటింటి లెక్కలు తీస్తే ఊళ్లో జనం సుమారు నలభై వేల లోపు. ఆ లెక్కల పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని పరిశీలించిన చరిత్రకారులు బయటపెట్టిన ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. పెద్దవయసు ఆడవాళ్లలో దాదాపు నాలుగోవంతు మంది వితంతువులు. కారణం కష్టమైనదేమీ కాదు. ఆడపిల్లకి పద్దెనిమిదికి అటూఇటూగా పెళ్లి చేసేవారు. మగవాడు ముప్పై దాటితే గాని చేసుకునేవాడు కాదు. పైగా ప్లేగు వస్తూపోతూ ఉండేది.

ఆడపిల్ల కట్నం లేకుండా అత్తారింటికి వెళ్లే వీల్లేని ఊరది. ఈ మాట మనవాళ్లకి వివరించనక్కరలేదు. కట్నాల బాధ ఎంతవరకు వెళ్లిందంటే, 1425లో నగరప్రభుత్వమే కట్నాల నిధి ఒకటి ప్రారంభించింది. పాప చిన్నప్పుడు తండ్రి కొంత సొమ్ము కడితే, పెళ్లీడు వచ్చేసరికి వడ్డీతో కలిపి పెళ్లికొడుక్కి ఇచ్చేవారు. మరి ముందుగా కట్టడానికి సొమ్ము లేనివాళ్ల సంగతి? వాళ్ల పిల్లల్లో కొందరు ఏడెనిమిదేళ్లకే డబ్బున్న ఇంట్లో పనికి కుదిరేవారు. ఏళ్లతరబడి చేసిన చాకిరీకి జీతం చివర్లో ఆ యజమాని ఇచ్చే కట్నమే. ఇంకా దిక్కులేని స్థితిలో ఉన్నవాళ్లు పసిబిడ్డనే వదిలేసేవారు. పట్టు వ్యాపారుల సంఘం కట్టించిన అనాథ శిశువుల ఆశ్రమం 1445లో తలుపులు తెరిచింది. అక్కడ చేర్చుకున్న మొదటి బిడ్డ ఆడపిల్ల. తర్వాత వచ్చినవాళ్లలో కూడా ఆడపిల్లలే ఎక్కువ.

అలాగని ఆ ఊళ్లో దానం చేసేవాళ్లకి కొరత లేదు. ఒర్సన్మికేలే అనే భక్తసమాజం అప్పటికే వందేళ్లకు పైగా పేదలకి పంచుతూ ఉంది. 1348లో పెద్ద ప్లేగు వచ్చినప్పుడు చనిపోతున్నవాళ్లు ఆస్తులన్నీ ఆ సమాజం పేర రాసిపోయారు. మూడున్నర లక్షల ఫ్లోరిన్లు అని ఆ కాలపు చరిత్రకారుడు మత్తెయో విల్లానీ రాశాడు. అంత సొమ్ము ఒక చోట చేరితే ఏమవుతుందో మనకి తెలుసు. పేదలకంటే పెత్తందారులకే ఎక్కువ ఉపయోగపడిందని అప్పుడే గోల మొదలైంది. ప్రభుత్వం కలగజేసుకుంది. ఆ సమాజం పేరు మళ్లీ మునుపటిలా నిలబడలేదు.

ఇక వీధిలో అడుక్కునేవాడికి ఎవరో ఒకరు ఏదో వేస్తారు. అడగలేనివాళ్లు వేరే ఉన్నారు. వాళ్లకి ఒక ఇల్లుంది, ఒక పేరుంది, ఒక చేతిపని ఉంది. నిన్నటిదాకా మగ్గం ఆడింది. ఇప్పుడు జబ్బు చేసిందో, పని లేదో, పన్నులు మీదపడ్డాయో, పొయ్యిలో పిల్లి లేవడం లేదు. తలుపు తీసి బయటికొచ్చి చెయ్యి చాస్తే రేపు పని ఇచ్చేవాడు ఉండడు, అప్పు పుట్టదు, పిల్లకి సంబంధం రాదు. పరువు పోవడం అంటే వట్టి అవమానం కాదు, రేపటి బతుకుతెరువు కూడా పోవడం. అటువంటివాళ్లని ఇటాలియన్లు పోవెరి వెర్గొన్యోజి అన్నారు. సిగ్గుపడే పేదలు అని అర్థం. గుట్టుగా సంసారం ఈదుకొస్తున్నారు అని మనవాళ్లు అనేది సరిగ్గా వీళ్లని గురించే.

వీళ్లని గురించి ఆలోచించినవాడు అంతోనీనో పియెరోజ్జి. 1389లో ఒక నోటరీకి కొడుకుగా పుట్టాడు. అసలు పేరు అంతోనియో. పొట్టిగా, బక్కగా ఉండటంవల్ల బుల్లి అంతోనియో అన్న అర్థంలో అంతోనీనో అన్నారు. డొమినికన్ సన్యాసి. ఫ్లారెన్సులో సాన్ మార్కో మఠానికి అధిపతి. 1446లో ఆ ఊరికి ఆర్చిబిషప్ అయ్యాడు. 1459లో చనిపోయాడు. 1523లో ఆయనని పునీతుడిగా ప్రకటించారు. నీతిశాస్త్రం మీద పెద్ద గ్రంథం రాశాడు. వ్యాపారంలో ఏది న్యాయమో, వడ్డీ ఎక్కడ పాపమవుతుందో, పనివాడికి కూలి ఎలా ఇవ్వాలో అందులో చర్చించాడు.

1442లో ఆయన ఊళ్లో పన్నెండుమందిని పిలిచాడు. వాళ్లలో వ్యాపారులూ ఉన్నారు, చేతిపనివాళ్లూ ఉన్నారు. సిగ్గుపడే పేదల తరఫున చూసేవాళ్లు అని వాళ్లకి పేరు పెట్టాడు. ఊరివాళ్లు మాత్రం బువోనోమిని అన్నారు. మంచివాళ్లు అని మాటకి మాట అర్థమైనా, మన భాషలో పెద్దమనుషులు అంటే సరిపోతుంది. సాన్ మార్తీనో గుడి దగ్గర చేరేవాళ్లు కాబట్టి సాన్ మార్తీనో పెద్దమనుషులయ్యారు. మార్తీనో అంటే నాలుగో శతాబ్దంలో రోమను సైన్యంలో పనిచేసిన మార్టిన్. చలికి వణికే ఒక బిచ్చగాడికి తన అంగవస్త్రాన్ని కత్తితో రెండుగా కోసి సగం ఇచ్చాడని ఆయన కథ.

వాళ్లు పెట్టుకున్న పద్ధతులు వినండి. ఊరిని ఆరు భాగాలు చేసుకుని ఒక్కొక్క భాగానికి ఇద్దరు చొప్పున పంచుకున్నారు. శాశ్వతంగా ఒక అధ్యక్షుడు లేడు, ఆ బాధ్యత వంతులవారీగా తిరిగేది. ఎవరికైనా ఇబ్బంది అని తెలిస్తే ఆ భాగం చూసుకునేవాళ్లు స్వయంగా ఆ ఇంటికి వెళ్లాలి. వాకబు చెయ్యాలి, తిరిగొచ్చి మిగతావాళ్లకి చెప్పాలి. అందరూ కలిసి నిర్ణయించాలి. పుచ్చుకున్నవాడి పేరు పద్దుపుస్తకంలో ఉంటుంది గాని ఆ గది దాటి బయటికి రాదు.

అంటే వాళ్ల దగ్గరా నా స్ప్రెడ్‌షీటు లాంటిదే ఉంది. పేరు, చేసే పని, ఎంతమంది పిల్లలు, ఇంట్లో జబ్బుగా ఎవరున్నారు, ఏమిచ్చాం, అన్నీ రాసుకున్నారు. తొలి ముప్పై ఏళ్ల పద్దులని ఇటలీ చరిత్రకారుడు అమ్లెతో స్పిచ్చానీ పరిశీలించాడు. సిగ్గుపడే పేదలంటే చితికిపోయిన గొప్ప వంశాలవాళ్లని చాలామంది అనుకునేవారు. పద్దుల్లో అటువంటివాళ్లు తక్కువ. ఎక్కువమంది ఉన్ని, పట్టు పనివాళ్లు, చిన్నచిన్న చేతిపనులవాళ్లు. పిల్లలు ఎక్కువగా ఉన్న ఇళ్లు, జబ్బు చేసిన ఇళ్లు, పురుడు వచ్చిన ఇళ్లు.

ఇచ్చింది కూడా మనం మామూలుగా అనుకునే చందా డబ్బు కాదు. చాలావరకు రొట్టె, పిండి, ద్రాక్షసారా, గుడ్డ. బాలింత ఉన్న ఇంటికి ఆమె తినడానికి బలమైన తిండి, బిడ్డకి పొత్తిగుడ్డలు. తల్లికి పాలు పడకపోతే పాలిచ్చే దాదికి జీతం. తాకట్టు పెట్టిన సామాను విడిపించడం. అప్పుకోసం జైల్లో పడ్డ ఇంటిపెద్దని బయటికి తేవడం. ఈడొచ్చిన పిల్లకి కట్నంలో కొంత. ఇవన్నీ లెక్కవేసి చూస్తే ఎక్కువభాగం ఇల్లు నడిపే ఆడమనిషి చేతికి అందే సాయమే.

1480 ప్రాంతంలో వాళ్లు తమ మందిరం గోడలమీద బొమ్మలు వేయించుకున్నారు. గిర్లాందాయో అనే ప్రసిద్ధ చిత్రకారుడి శిష్యబృందం పని అంటారు. ఆ రోజు నేను చూసింది వాటినే. గోడల పైభాగంలో అర్ధచంద్రాకారంలో పది బొమ్మలు. రెండు మార్టిన్ కథ. మిగతా ఎనిమిదీ ఈ పెద్దమనుషుల పని. ఆకలిగొన్నవాడికి తిండి, బట్టలేనివాడికి బట్ట, బాటసారికి చోటు, చనిపోయినవాడికి అంత్యక్రియ వంటివి కేథలిక్కులు దయాకార్యాలని లెక్కపెట్టేవే. అయితే రోగుల్ని పరామర్శించడం అనే చోట చిత్రకారుడు గీసింది రోగిని కాదు, పురిటి మంచం మీద ఉన్న బాలింతని. చుట్టూ ఆడవాళ్లు, బిడ్డ, గుమ్మం దగ్గర అవసరమైనవి తెచ్చి అందిస్తున్న పెద్దమనుషులు. ఇంకో బొమ్మలో పెళ్లి. పిల్ల, వరుడు, పక్కనే బల్ల దగ్గర కూర్చుని కట్నం పత్రం రాస్తున్న నోటరీ. మరొకదానిలో జైలు వాకిట్లో డబ్బు చెల్లించి ఒకణ్ణి విడిపిస్తున్నారు. మరొకచోట ఒక ఇంట్లో సామాను జాబితా రాసుకుంటున్నారు. ఆ మనుషులు ఆ కాలపు మామూలు బట్టల్లో, మామూలు ఇళ్లలో ఉన్నారు. చాలాసేపు ఆ బాలింత బొమ్మ కింద నిలబడ్డాను. ఎవరు గుర్తొచ్చారో చెప్పనక్కరలేదు.

వాళ్ల మరో నియమం డబ్బు నిలవ పెట్టకూడదని. వచ్చింది వచ్చినట్టే పంచెయ్యాలి. ఎవరైనా ఇల్లో పొలమో రాసిస్తే అమ్మేసి పంచాలి. నిధి పెరిగితే దాని మీద పెత్తనం కోసం కొట్లాటలు వస్తాయి, లేదా ప్రభుత్వం కన్ను పడుతుంది. ఒర్సన్మికేలే గతి తెలిసిన ఊళ్లో ఈ జాగ్రత్త ఎందుకో ఊహించడం కష్టం కాదు. మరి పెట్టె ఖాళీ అయిపోతే? తలుపు దగ్గర ఒక కొవ్వొత్తి వెలిగించేవారు. చూసినవాళ్లు అర్థం చేసుకుని ఆ గోడచీలికలో ఏదో వేసేవారు. డబ్బంతా అయిపోయి ఆఖరికి వచ్చానని చెప్పడానికి ఇటాలియన్‌లో చిన్నదీపం దగ్గరికి వచ్చాను అనే మాట ఉంది. అది ఈ కొవ్వొత్తినుంచే పుట్టిందని ఫ్లారెన్సువాళ్లు చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మనకి గుప్తదానం అనే గొప్ప మాట ఉంది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు అని బైబిల్లోనూ ఉంది. రెండింట్లోనూ దాచేది ఇచ్చినవాడి పేరు. ఇచ్చినవాడికి అహంకారం రాకూడదని. సాన్ మార్తీనో పెద్దమనుషులు ప్రధానంగా దాచింది పుచ్చుకున్నవాడి పేరు. ఇచ్చినవాడి పేరు తెలిసినా వచ్చే నష్టం కొద్దిపాటి గర్వం. పుచ్చుకున్నవాడి పేరు బయటపడితే అతను కొంపే మారిపోవలసి వస్తుంది. నేను చేసింది దీనికి పూర్తిగా తలకిందులు.

ఇంతవరకు విని ఫ్లారెన్సు పెద్దమనుషులు దేవుళ్లనుకోకండి. వాళ్ల పద్ధతిలో లోపాలున్నాయి.

మొదటిది డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నది. తొలి సంవత్సరాల్లో అందులో పెద్దభాగం ఇచ్చింది కోసిమో దే మెడిచీ కుటుంబం. 1434లో ప్రవాసంనుంచి తిరిగొచ్చాక ఊరిని తన గుప్పిట్లో పెట్టుకున్న బ్యాంకరు ఆయన. ఆ కాలంలో ఫ్లారెన్సు యుద్ధాలకి పన్నులు విపరీతంగా వేసింది. ఎవరిమీద ఎంత పడాలన్నది అధికారంలో ఉన్నవాళ్ల చేతిలో ఉండేది. ఒక చేత్తో ఇళ్లు గుల్ల చేసిన ఏర్పాటే రెండో చేత్తో రొట్టె పంపిందని అంటే కాదనలేం. తిన్నవాళ్లకి ఆకలి తీరిందన్నదీ నిజమే.

రెండోది కట్నం. ఒక పేదపిల్లకి కట్నం సమకూరిస్తే ఆ పిల్ల గట్టెక్కుతుంది. ఊళ్లో కట్నం ఆచారం మాత్రం ఇంకొంచెం గట్టిపడుతుంది. మన దేశంలో 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా పేదింటి పిల్ల పెళ్లికి సాయం అని మనం ఇచ్చే చందాలు దేనికి వెళ్తున్నాయో మనకి తెలుసు. ఈ చిక్కు ఆరువందల ఏళ్లనాడూ ఉంది.

మూడోది నాకు అన్నిటికంటే పెద్దది అనిపించింది. ఆ పన్నెండుమందీ మగవాళ్లే. పురుడుపోసుకున్న మనిషికి ఏం కావాలో, వితంతువుకి ఎంత సరిపోతుందో, ఎవరు పరువైన మనిషో ఎవరు కాదో తేల్చింది వాళ్లే. గుట్టు కాపాడే పద్ధతిలో ఉన్న ఇబ్బంది ఇదే. తలుపులు మూసి ఇచ్చేచోట, ఇచ్చింది సరిపోలేదనో అన్యాయమనో అడగడానికి కూడా తలుపు ఉండదు.

ఈ లోపాల్ని తర్వాతివాళ్లు కొంతవరకు ఎలా దిద్దుకున్నారో రెండు సందర్భాలు చెబుతాను.

ఒకటి ఫ్రాన్సులో. 1617లో షాతియోం అనే చిన్న ఊళ్లో విన్సెంట్ డి పాల్ అనే యువ గురువు ఉండేవాడు. ఊరికి కొంచెం దూరంలో ఒక ఇంట్లో అందరూ జబ్బుపడ్డారని తెలిసి ఆదివారం ప్రసంగంలో చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఆయన అక్కడికి వెళ్తుంటే దారంతా ఆడవాళ్లు. కొందరు తిండి ఇవ్వడానికి వెళ్తున్నారు, కొందరు ఇచ్చి వస్తున్నారు. ఒక్క రోజే ఇంత తిండి వస్తే చాలాభాగం పాడైపోతుంది, నాలుగు రోజులు పోయాక మళ్లీ ఆకలే అని ఆయనకి అనిపించింది. దయ బోలెడంత ఉంది, ఏర్పాటు లేదు. కొద్దిరోజుల్లోనే ఆ ఆడవాళ్లతో ఒక సంఘం పెట్టించాడు. వంతులవారీగా వండి పట్టుకెళ్లాలి, ఎలా పలకరించాలి, ఎలా వడ్డించాలి అని నియమావళి రాశాడు. ఆ సంఘానికి నాయకురాలిని ఆడవాళ్లే ఎన్నుకునేవారు. తర్వాత 1633లో లూయీజ్ ద మరియాక్ అనే వితంతువు ఆయనతో కలిసి పారిసులో పల్లెటూరి అమ్మాయిలతో డాటర్స్ ఆఫ్ చారిటీ సంస్థని మొదలుపెట్టింది. ఇచ్చేవైపు నిర్ణయాల్లోకి ఆడవాళ్లు వచ్చారు. మన వాట్సాప్ ఉప్పెన కూడా ఆ షాతియోం ఆదివారం లాంటిదే. ఒక్క రోజు పొంగుతుంది, నాలుగో రోజుకి ఎవరికీ గుర్తుండదు.

రెండోది మనం ఉంటున్న ఈ అమెరికాలోనే. 1969లో ఇక్కడి కేథలిక్ బిషప్పులు పేదరికం మీద పోరాటానికి ఒక నిధి పెట్టాలని తీర్మానించారు. 1970 నవంబరులో దేశమంతటా చర్చిల్లో మొదటిసారి చందా పట్టారు. తర్వాత దానికి క్యాథలిక్ క్యాంపెయిన్ ఫర్ హ్యూమన్ డెవలప్‌మెంట్ అని పేరు స్థిరపడింది. వీళ్లు ఒక్కొక్క కుటుంబానికి రొట్టె పంపలేదు. అద్దెకుండేవాళ్లు, కూలీలు, పేదపేటల తల్లులు కలిసి పెట్టుకున్న సంఘాలకి గ్రాంట్లు ఇచ్చారు. షరతు ఏమిటంటే, ఆ సంఘం నిర్ణయాల్లో పేదవాళ్ల మాటే ప్రధానంగా ఉండాలి. ఇచ్చే మతం వాళ్లదే గాని పుచ్చుకునేవాళ్లు కేథలిక్కులు కానక్కరలేదు. దీనిమీద గొడవలు చాలా అయ్యాయి. ఫలానా సంఘం రాజకీయాలు చేస్తోంది, ఫలానా సంఘం చర్చి బోధనకి విరుద్ధంగా పోతోంది అని కేథలిక్కుల్లోనే విమర్శలు వచ్చాయి, కొన్ని గ్రాంట్లు ఆగిపోయాయి. పేదవాడికి మాట ఇస్తే ఆ మాట అందరికీ నచ్చాలని లేదు గదా.

ఫ్లారెన్సులో ఇంటి గుట్టు దాగింది, ఆ ఇంటికి మాట దక్కలేదు. అమెరికాలో మాట దక్కింది, అది నలుగురిలో నిలబడి పేరు చెప్పుకోగలిగినవాళ్లకే. మరి ఎనిమిదో నెల భార్యతో, అరవై రోజుల గడువుతో గదిలో కూర్చున్నవాడు ఏ సంఘం పెడతాడు? అతనికి ఇప్పటికీ కావలసింది ఆ గోడచీలికే.

సాన్ మార్తీనో పెద్దమనుషుల సంఘం ఇప్పటికీ అక్కడే ఉంది. ఐదువందల ఎనభై ఏళ్లు దాటింది. యుద్ధాలు, ప్లేగులు పోయాయి, మెడిచీలు పోయారు, ప్రభుత్వాలు మారాయి. కోట్ల ఆస్తి ఉన్న సంస్థలు ఎన్నో మూతపడితే, ఏమీ దాచుకోనివాళ్లు మిగిలారు.

ఇక మన సంగతి. మన ఊళ్లో సహాయనిధికి కొత్త నియమాలు రాయమని సంఘంవాళ్లు ముగ్గురికి అప్పజెప్పారు. నేను చేసిన నిర్వాకం అందరికీ తెలుసు కాబట్టి కావాలనే నన్నూ అందులో వేశారనుకుంటాను. మేం రాసిన చిత్తుప్రతిలో నాలుగు విషయాలున్నాయి. సాయం పుచ్చుకునేవారి పేరు ఇద్దరికి మించి తెలియకూడదు, ఫోటో ఎక్కడా పెట్టకూడదు. ఆ ఇద్దరూ ఇంటికి వెళ్లి మాట్లాడాలి, ఫోన్‌లో ఆరాలు వద్దు. వీలైనచోట అద్దె నేరుగా ఇంటివాళ్లకి, ఆస్పత్రి బిల్లు నేరుగా ఆస్పత్రికి కట్టాలి. నిర్ణయించే బల్ల దగ్గర ఆడవాళ్లు సగమైనా ఉండాలి, ఇంతకుముందు ఎప్పుడో సాయం పుచ్చుకుని నిలదొక్కుకున్నవాళ్లు కనీసం ఒక్కరుండాలి. ఈ చివరిదానికి ఒక చిక్కుంది. అలా కూర్చున్నవాళ్లు ఒకప్పుడు పుచ్చుకున్నారని అందరికీ తెలిసిపోతుంది. దానికి మందు మాకు ఇంకా దొరకలేదు.

నిలవ పెట్టాలా వద్దా అన్నదాని మీద మాలో మాకే కుదరలేదు. ఏడాది చివరికి ఖాతా ఖాళీ కావాలని నేనంటాను. మాలో పెద్దాయన ఒప్పుకోలేదు. "రేపు ఎవరైనా పోతే శవాన్ని ఇండియా పంపడానికి అప్పటికప్పుడు వేలు కావాలి. అప్పుడు కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చుంటామా బాబూ?" అన్నారు. ఆయన అన్నదీ కొట్టిపారెయ్యలేను. ఆయన అటువంటివి ఎన్నో దగ్గరుండి చూసినవారు.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి ఎప్పుడూ కలిసే హాల్లోనే సమావేశం. మీ అభిప్రాయం చెప్పండి. ఇంట్లో ఆడవాళ్లని కూడా తీసుకురండి, వాళ్లు లేకుండా ఈ నియమాలు ఖాయం చెయ్యం. రాలేనివాళ్లు రాసి పంపవచ్చు. హాలు గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె పెట్టించాం, పైన సన్నటి చీలిక ఉంది. సలహా రాసినా, అవసరం రాసినా అందులోనే వెయ్యండి. తాళంచెవి ఇద్దరి దగ్గరే ఉంటుంది. ఆ ఇద్దరిలో నేను లేను.

సెలవు. నమస్కారం.